తోబుట్టువు దుఃఖంలోంచి వెలసిన తల్లులు

విజయనగరం మూడులాంతర్ల దగ్గర చదురుగుడిలో కొలువున్న పైడితల్లి, దేవత కాకముందు ఒక అన్నకు ముద్దుల చెల్లెలు. బొబ్బిలితో యుద్ధం వద్దని ఆమె బతిమాలినా ఆ అన్న, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు వినలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆయన్ను గుడారంలోనే పొడిచి చంపాడు. అన్న లేడని తెలిసిన పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోయిందని స్థలపురాణం. నీటి అడుగున ఉన్న తన రూపాన్ని పైకి తెమ్మని ఆమె పతివాడ అప్పలనాయుడనే ఆయనకు కలలో చెప్పిందట. ఆ ఏటి విజయదశమికి విగ్రహం దొరికిందంటారు. రైల్వే స్టేషన్ దగ్గరి వనంగుడి అలా వెలసింది.

గెలిచిన రాజుకు గుడి లేదు. వద్దని ఏడ్చిన ఆడబిడ్డకు ఊరంతా పసుపు కుంకుమలు తెస్తుంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నైలు నది ఒడ్డునా ఇలాంటి తల్లి ఉండేది. ప్రాచీన ఈజిప్టు వారి ఐసిస్, ఒసిరిస్‌కు తోబుట్టువు, ఆ దేశపు కథల్లో భార్య కూడా. ఒసిరిస్‌ను అతని తమ్ముడు సేత్ చంపాడు. ఐసిస్, ఆమె చెల్లెలు నెఫ్తిస్ గద్దల రూపం ధరించి అతని కోసం ఏడ్చారు. అందుకే అక్కడ అంత్యక్రియల్లో ఇద్దరు స్త్రీలు ఆ అక్కచెల్లెళ్లుగా నిలబడేవారు. ఒకరు తల దగ్గర, ఒకరు కాళ్ల దగ్గర. మన పల్లెల్లో రాగాలు తీసి ఏడ్చే అప్పలకు ఆ ఏడుపు అర్థం చెప్పనక్కర్లేదు.

ఐసిస్ కథను గ్రీకు రచయిత ప్లూటార్క్ వివరంగా రాశాడు. సేత్ ఒసిరిస్‌ను బంధించిన పెట్టె సముద్రంలో కొట్టుకుపోయి బిబ్లోస్ తీరం చేరింది. అక్కడ ఒక చెట్టు దాని చుట్టూ పెరిగి పెట్టెను తనలో దాచుకుంది. ఆ దేశపు రాజు ఆ మానును నరికించి తన ఇంటికి స్తంభం చేసుకున్నాడు. ఐసిస్ వెతుక్కుంటూ వచ్చి ఆ స్తంభాన్ని అడిగి తీసుకుంది. పెట్టెను బయటికి తీశాక మిగిలిన కొయ్యకు నారబట్ట చుట్టి, పరిమళ తైలం పోసి తిరిగి ఇచ్చింది. ఆ కొయ్యను తన కాలంలోనూ ఐసిస్ గుడిలో పూజిస్తున్నారని ప్లూటార్క్ మాట.

మన తల్లి కూడా మానునే అడుగుతుంది. తనకు కావలసిన చింతచెట్టు ఎక్కడుందో పూజారికి కలలో చెబుతుందని భక్తుల నమ్మకం. ఆ చెట్టుకు పసుపు కుంకుమలతో పూజ చేసి, దణ్ణం పెట్టుకున్నాకే గొడ్డలి తాకిస్తారు. హుకుంపేటలో చెక్కాక అది సిరిమాను అవుతుంది. దసరా తర్వాత వచ్చే సోమవారం తొలేళ్లు, మర్నాడు మంగళవారం జాతర. మాను కొసన ఆసనంలో కూర్చున్న పూజారి ఎత్తున ఊరేగుతుంటే కింద జనం అమ్మే వస్తోందని చేతులెత్తుతారు. సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది.

ఫిలే ద్వీపంలోని ఐసిస్ ఆలయం ఆరో శతాబ్దంలో చక్రవర్తి జస్టీనియన్ ఆజ్ఞతో మూతపడింది. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునగకుండా 1970లలో దాన్ని రాయిరాయిగా విప్పి పక్క దీవిలో మళ్లీ నిలబెట్టారు. గుడి దక్కింది, కొలిచేవారు లేరు. పైడితల్లి కొలువు అలా ఎప్పటికీ ఆగకూడదని నా కోరిక. ఆగదన్న నమ్మకమూ ఉంది. సిరిమాను ముందు నడిచే బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం ఒక్కొక్కటీ ఒక్కో చేతుల మీదుగా వస్తుంది. చెట్టును ఇచ్చే ఆసామి ఒక ఊరివాడు, తాళ్లు పట్టేవారు మరో ఊరివారు. ఒక్క తాళం వేసి ఇంతమందిని ఆపలేరు.

నాకున్న బెంగంతా మాను గురించే. యాభై అరవై అడుగుల నిటారు చింతమాను సులువుగా దొరికేది కాదు. అది ఎదగడానికి ఒక తరం చాలదు. చెరువు గట్ల మీద, బళ్ల ఆవరణల్లో, పొలాల పక్కన ఈ ఏడే చింతమొక్కలు నాటుదాం. మన మునిమనవల జాతరకు అమ్మ అడిగే చెట్టు వాటిలోనే ఉండాలి.