కరిగిన రంగులు వృథాయేనా?

మండు వేసవిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో కిటికీ పక్కన మరచిపోయిన క్రేయాన్లు సాయంత్రానికి మెత్తబడిపోవడం తల్లులందరికీ తెలిసిందే. క్రేయాన్ అంటే మైనంలో కలిపిన రంగు. దానిని కావాలనే కరిగించి బొమ్మ చేయడం పిల్లలకు ఒక సరదా. కాన్వాసు పై అంచున క్రేయాన్లను వరుసగా జిగురుతో అంటించి, నిలబెట్టి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి పట్టిస్తే రంగులు ధారలు కట్టి కిందికి జారుతాయి.

ఒక ఇంట్లో పాప కొత్త డబ్బా మొత్తం ఇలా కరిగించిందనుకోండి. "కొత్తవన్నీ పాడు చేస్తివి గదా బిడ్డా! పక్కింటి పిల్లకు ఒక్క ముక్క గూడ లేకపాయె" అంటుంది నాయనమ్మ. "ఎంత బాగుందో చూడు నాయనమ్మా" అంటుంది పాప. ప్రియ పాఠకులారా, ఇద్దరిలో న్యాయం ఎవరిది?

ఈ తగవు కొత్తది కాదు. బెతానియాలో మరియమ్మ విలువైన పరిమళ తైలాన్ని ప్రభువు పాదాలకు పూసినప్పుడు, దానిని 300 దీనారాలకు అమ్మి పేదలకు ఇవ్వవచ్చు గదా అని యూదా అడిగాడు. ప్రభువు మరియమ్మ పక్షాన నిలిచారు. ప్రేమతో సమర్పించిన అందం వృథా కాదు. సీనాయి కొండ దగ్గర పునీత కత్తెరీనమ్మ మఠంలో 6వ శతాబ్దపు క్రీస్తు ప్రభువు చిత్రం ఉంది. అదీ కరిగిన మైనపు రంగులతో వేసినదే. ఆ మైనం కొవ్వొత్తులకు పోయి ఉంటే నాలుగు రాత్రులలో అయిపోయేది. చిత్రమైంది గనుక 1400 ఏళ్ళు దాటినా విశ్వాసులను ప్రార్థనకు పిలుస్తోంది.

అయితే నాయనమ్మ మాట, యూదా మాట ఒకటేనా? ముమ్మాటికీ కాదు. యూదాకు పేదల మీద చింత లేదని యోహాను సువార్తే చెబుతోంది. నాయనమ్మ మనసులో నిజంగానే పక్కింటి పిల్ల ఉంది. పైగా మరియమ్మ తైలాన్ని తన ముచ్చట కోసం ఒలకబోయలేదు. కనుక ఏదైనా ఖర్చు చేసే ముందు "ఇది ఎవరి కోసం?" అని అడగడం పాపకు నేర్పాలి. ఒకసారి కరిగి కలిసిన రంగులు మళ్ళీ విడిపోవు. ఆలోచన ముందే జరగాలి.

ప్రతి ఇంట్లోనూ ఎవరూ ముట్టని విరిగిన క్రేయాన్ ముక్కలు ఉంటాయి. ముందు వాటిని కరిగించనివ్వండి. కొత్త డబ్బాను పక్కింటి పిల్లతో పంచుకోమనండి. ఇద్దరినీ ఒకే కాన్వాసు ముందు కూర్చోబెట్టండి. వేడి మైనం చెయ్యి కాలుస్తుంది గనుక పెద్దలు దగ్గరుండాలి. ఆ పని నాయనమ్మకే అప్పగించండి. బొమ్మ పూర్తయ్యాక ఏ రంగు ఎవరిదో చెప్పడం కష్టం. అప్పుడు వృథా అనే మాట ఆమె నోట కూడా రాదు.