తీయడం, దిగడం

"అన్నా, ఫుల్ ఫ్రేమ్ తీసుకోవాలా, క్రాప్‌తోనే ఉండిపోవాలా?"

పెళ్ళిళ్ళ సీజన్ దగ్గర పడుతోందంటే ఏదో ఒకవైపు నుంచి నాకీ ఫోన్ వస్తుంది. ఈసారి అడిగినవాడు మూడు సీజన్లు నాకు అసిస్టెంటుగా తిరిగిన కుర్రాడు. ఇప్పుడిప్పుడే సొంతంగా ఆర్డర్లు పట్టుకుంటున్నాడు. షాపులో రాసిచ్చిన కొటేషన్ వాట్సాప్‌లో పెట్టాడు. ఒక బాడీ, ఒక లెన్సు, రెండు కార్డులు, రెండేళ్ళ ఈఎంఐ. కింద "నువ్వు ఊ అంటే రేపే తెచ్చుకుంటా" అని రాశాడు.

ఊ అనలేదు నేను. వద్దని కూడా అనలేదు. రెండు రోజులు టైమడిగాను. టెక్నికల్ జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కానీ దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. రెండేళ్ళ కిందట ఒక పెద్దమనిషి ఫోన్ చేసి అడిగాడు దాన్ని. అప్పటి నుంచీ తప్పించుకు తిరుగుతున్నాను.

ముందు టెక్నికల్ జవాబే చెప్తాను.

ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సెన్సర్. ఈ కొలత డిజిటల్ కాలంలో పుట్టింది కాదు. జర్మనీలో ఓస్కర్ బర్నాక్ అనే ఇంజనీరు సినిమా ఫిల్ముని అడ్డంగా నడిపించి, సినిమా ఫ్రేముకి రెట్టింపు సైజులో బొమ్మ పడేలా ఒక చిన్న కెమెరా చేశాడు. 1925లో అది లైకా పేరుతో బజార్లోకి వచ్చింది. తర్వాత మన ఊళ్ళ స్టూడియోల్లో వాడిన 35 ఎం.ఎం. రోలుదీ అదే కొలత. డిజిటల్ వచ్చిన కొత్తలో అంత పెద్ద సెన్సర్ చేయడం బాగా ఖరీదైన పని. అందుకని చిన్నవి చేశారు. 1999లో వచ్చిన నికాన్ డీ1లో ఉన్నది అలాంటిదే, సుమారు 23.5కి 15.6 మిల్లీమీటర్లు. దాన్నే క్రాప్ అంటున్నాం. 2005లో కెనాన్ 5డీ వచ్చాక గానీ ఫుల్ ఫ్రేమ్ మామూలు ఫొటోగ్రాఫర్ ఆశపడే వస్తువు కాలేదు.

వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్ క్రాప్‌కి రెండింతల పైమాటే. కాబట్టి ఒకే ఎపర్చర్ దగ్గర దానికి అందే మొత్తం వెలుతురు ఎక్కువ. చీకట్లో ఒక స్టాప్‌కి కొంచెం పైగా లాభం. ఐఎస్ఓ 6400కి పెంచినా మొహం మీద ఇసక చల్లినట్టు ఉండదు. క్రాప్‌కేమో దూరం కలిసొస్తుంది. దృశ్యం మధ్యలోంచి చిన్న ముక్కే సెన్సర్ మీద పడుతుంది కాబట్టి 200 ఎం.ఎం. లెన్సు 300లా చూపిస్తుంది. అదే పనికి ఫుల్ ఫ్రేమ్ మీద ఇంకా పొడుగు, ఇంకా బరువు, ఇంకా ఖరీదు ఉన్న లెన్సు మొయ్యాలి.

షాపులో చెప్పని మాట ఇంకోటుంది. స్టేజి మీద రెండు వరసల్లో చుట్టాలు నిలబడ్డారనుకోండి. ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 2.8 పెడితే ముందు వరస స్పష్టంగా, వెనక వరసలో మేనత్తలు మసగ్గా వస్తారు. వాళ్ళూ కావాలంటే ఎఫ్ 4కో 5.6కో వెళ్ళాలి, ఐఎస్ఓ పెంచాలి. అక్కడితో పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభం చాలావరకు చేతికొచ్చినట్టే వచ్చి పోతుంది. పైగా ఇప్పటి పెళ్ళిళ్ళలో స్టేజీల మీద చీకటి ఎక్కడుంది? వెనక ఎల్ఈడీ వాల్, ముందు వీడియోవాళ్ళ లైట్లు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, గ్రూప్ ఫొటోలు ఏ కెమెరాతో తీసినా ఆల్బమ్‌లో తేడా కనిపెట్టే చుట్టం ఒక్కడూ ఉండడు.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? ఫుల్ ఫ్రేమ్ వెలుతురు లేనిచోట గెలుస్తుంది, క్రాప్ మనం దగ్గరికి పోలేనిచోట. ఒకటి నా చూపుని చీకట్లోకి పొడిగిస్తుంది, ఇంకోటి దూరంలోకి. పెళ్ళింట్లో ఒక మనిషి కాసేపు ఎవరికీ కనపడకుండా ఉండాలనుకుంటే ఎక్కడికి వెళ్తాడు? చీకట్లోకో దూరంగానో వెళ్తాడు. ఇంకో చోటు లేదు కదా.

*

హనుమకొండ దగ్గర ఒక ఫంక్షన్ హాలు. పగటి ముహూర్తం. అప్పగింతలయ్యేసరికి సాయంత్రం ఆరు దాటింది. పెళ్ళికూతురి తండ్రి పొద్దున్నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళందరినీ భుజం మీద చెయ్యేసి భోజనాల దాకా తీసుకెళ్ళాడు. అప్పగింతల్లో తల్లి ఏడ్చింది, మేనమామలు ఏడ్చారు, ఆయన ఏడవలేదు. కారు కదిలాక ఎవరికీ చెప్పకుండా వంటశాల వెనక్కి నడిచాడు.

నేను మొదటి అంతస్తు వరండాలో ఉన్నాను. చేతిలో క్రాప్ బాడీ, దాని మీద 70-200. కింద గిన్నెలు తోమే చోట బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడాయన. కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పక్కన నీళ్ళ డ్రమ్ము, ఎంగిలి విస్తర్ల గుట్ట, ఒక్క బల్బు. చివరిదాకా జూమ్ చేసి నాలుగు కొట్టాను. మూడోదాంట్లో కండువా కొంచెం జారింది, ఒక కన్ను కనపడింది.

ఫొటో బాగా వచ్చింది. దాచుకునేదేముంది, నేను తీసినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. ఆల్బమ్‌లో ఆఖరి పేజీ దానికే ఇచ్చాను. అమ్మాయి దాన్ని ఇన్‌స్టాలో పెట్టింది, నా పేజీని కూడా ట్యాగ్ చేసింది. ఆ వారంలో నాకు మూడు కొత్త ఆర్డర్లొచ్చాయి.

పది రోజులకి ఆయన ఫోన్ చేశాడు. కోపంగా ఏం లేడు. "బిడ్డా, నేనా ఫొటో దిగలేదు గదా, నువ్వెట్ల తీసినవ్?" అన్నాడు.

ఏం చెప్పాలో తోచక "క్యాండిడ్ అంకుల్" అన్నాను. కాసేపు ఆగి, వియ్యాలవారు ఆ ఫొటో చూసి, మాకు పిల్లనిచ్చుడు మీకంత దుఃఖమైందా అని అడిగారని చెప్పాడు. చుట్టాల్లో కొందరు అప్పుల బాధని అనుకున్నారట. "నేనెందుకు ఏడ్చిన్నో నాకెరుక. ఇప్పుడు అందరికీ చెప్పుకోవాల్సొస్తుంది" అన్నాడు.

మర్నాడు అమ్మాయికి ఫోన్ చేశాను. పోస్టు తీసేయడానికి వెంటనే ఒప్పుకుంది. ఆల్బమ్‌లోంచి తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. "మా నాన్న నా ముందు ఒక్కసారి కూడా ఏడవలే అన్నా. ఆ ఫొటో లేకపోతే నాకసలు తెలిసేదే కాదు. అది నాది" అంది.

ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

*

ఆయన వాడిన మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. మన భాషలో ఫొటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా ఉన్నవాడు ఫొటో తీస్తాడు, ఎదురుగా ఉన్నవాడు ఫొటో దిగుతాడు. తీయడమంటే ఉన్నచోటి నుంచి బయటికి లాగడం. ముల్లు తీస్తాం, నీళ్ళు తోడి తీస్తాం, ప్రాణం తీయడమనీ అంటాం. దిగడం మాత్రం మనిషి తన కాళ్ళతో తాను చేసే పని. ఏట్లోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు ఫొటోలోకి దిగుతాడు. మొహం కడుక్కుని, జుట్టు సవరించుకుని, ఊపిరి బిగబట్టి మరీ దిగుతాడు. ఒక మంచి ఫొటోలో ఈ రెండు పనులూ జరగాలని ఆ మాటలు పుట్టించినవాళ్ళు ఆలోచించి ఉండకపోవచ్చు. ఆ పెద్దమనిషి మాత్రం సరిగ్గా అదే అడిగాడు. ఒక పని జరిగింది, రెండోది జరగలేదు.

పాత స్టూడియో ఫొటోలు చూసి నవ్వుకుంటాం. కర్రల్లా నిలబడ్డారంటాం. అలా బిగుసుకోవడంలో ఒక హక్కు ఉందని ఇప్పుడనిపిస్తోంది. ఏ మొహాన్ని లోకానికి వదలాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం జెనానా స్టూడియో పెట్టాడు. లోపల ఫొటోలు తీసే పని ఒక ఇంగ్లీషావిడ చూసుకునేది. పరదాలో ఉండే స్త్రీలకీ ఫొటో దిగాలని ఉంటుంది. అయితే తీసేదెవరు, ఎక్కడ, చుట్టూ ఎవరుంటారు అన్న షరతులుంటాయి. ఆ షరతులకి తగ్గట్టు కెమెరా గోడలు కట్టుకుంది. ఇవాళ నేను 300 ఎం.ఎం. చూపుతో గోడల మీదనుంచి చూస్తున్నాను.

నా తరఫున వాదన లేదా అంటే ఉంది. దిగిన ఫొటోలే తీస్తే పెళ్ళి ఆల్బమంతా నవ్వులే ఉంటాయి. ఆ నవ్వుల్లో ఎంత అబద్ధముందో పెళ్ళిళ్ళు చూసిన ఎవరికైనా తెలుసు. తండ్రి ఏడుపు నిజం, దాన్ని కూతురికి చేర్చింది నేను. నాకు అడ్వాన్సు ఇచ్చింది కూడా ఆయనే. ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకోవడమంటే ఒప్పుకున్నట్టే కదా?

చివరి ప్రశ్నే నన్ను నిలవనీయదు. ఇంటికి పెయింటరుని పిలిచినంత మాత్రాన బీరువా తెరవమన్నట్టు కాదు. ఆయన డబ్బిచ్చింది పెళ్ళిని తీయమని. గంగాళం మీద కూర్చున్నప్పటికి ఆయన లెక్కలో పెళ్ళి అయిపోయింది. నిజం సంగతంటారా, ఒక మనిషి నిజం నా కంటబడితే అది నాదైపోదు. కూతురికి ఆ కన్నీళ్ళు తెలియాల్సి ఉంటే, తెలియజేయాల్సింది ఎవరు? ఆయన ఏ ఇరవయ్యేళ్ళకో ఒక రాత్రి కూర్చుని చెప్పేవాడేమో. అసలెప్పటికీ చెప్పేవాడు కాదేమో. ఆ రెండూ ఆయన చేతిలో ఉండేవి. నేనొచ్చి తేల్చేశాను.

తప్పు క్రాప్ సెన్సర్‌ది అంటే నవ్వుతారు, నవ్వాలి కూడా. ఎక్కువ మెగాపిక్సెళ్ళున్న ఫుల్ ఫ్రేమ్‌తో తీసి, తర్వాత కంప్యూటర్లో కోసుకుంటే అదే ఫొటో వస్తుంది. 35 ఎం.ఎం. లెన్సు పెట్టుకుని మొహంలో మొహం పెట్టి తీసేవాళ్ళు దూరం నుంచి తీసేవాళ్ళకంటే మర్యాదస్తులేం కాదు. కానీ రెండు బారల దూరంలో నిలబడితే ఆయనకి నేను కనపడేవాణ్ణి. మొహం తిప్పుకునేవాడో, తియ్యనీ అని ఊరుకునేవాడో. ఆ నిర్ణయం తీసుకునే క్షణం ఆయనకి దక్కేది.

పాత రోజుల్లో ఈ ఆలోచన అవసరం అంతగా రాలేదు. 400 స్పీడు ఫిల్ము, మామూలు లెన్సు పెట్టుకుని ఆ ఒక్క బల్బు వెలుగులో, అంత దూరం నుంచి ఏమీ వచ్చేది కాదు. రాదని తెలుసు కాబట్టి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. చూడకూడని చాలా వాటిని మన చేతకానితనమే కాపాడింది. దాన్ని మర్యాద అనుకున్నాం. ఇప్పుడు ఏ సెన్సర్ కొన్నా ఆ చేతకానితనం కొంత తగ్గుతుంది. తగ్గిన మేరకు నేనే ఆగాలి. ఆ అలవాటు కెమెరాతో పాటు పెట్టెలో రాదు.

ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాను. ముందే అడిగితే ఆ క్షణం ఉండదు, నిజమే. తీశాక అడగొచ్చు. ఒంటరిగా ఉన్న మనిషిని తీస్తే, అదే రోజు దగ్గరికెళ్ళి స్క్రీన్ చూపిస్తాను. ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే ఆయన ముందే తీసేస్తాను. ఆలస్యంగానైనా దిగే అవకాశం ఇచ్చినట్టు. పోయిన ఏడాది ఒక ముసలమ్మ, తెల్లవారుజామున అరుగు మీద, ఫొటోలో ఉన్న తన మొహాన్ని చాలాసేపు చూసి "వద్దయ్యా" అంది. చాలా మంచి ఫొటో. తీసేశాను. రెండు రోజులు మనసు బాలేదు.

*

కుర్రాడికి ఫోన్ చేశాను. "క్రాప్‌తోనే ఉండు. రెండు కార్డులు పట్టే బాడీ సెకండ్ హ్యాండ్‌లో చూడు. మిగిలిన డబ్బుతో ఎపర్చర్ బాగా తెరుచుకునే లెన్సు ఒకటి కొనుక్కో" అన్నాను. చీకటి పెళ్ళిళ్ళు రెండు మూడొస్తే ఫుల్ ఫ్రేమ్ అద్దెకి దొరుకుతుంది.

"అంతేనా? దీనికి రెండు రోజులెందుకన్నా?" అన్నాడు.

అప్పుడు గంగాళం సంగతంతా చెప్పాను. ఈఎంఐ సంగతి కూడా చెప్పాను. నెల తిరిగేసరికి కట్టాల్సిన వాయిదా ఉన్నవాడికి ఆల్బమ్‌లో ఒక ఏడుపు అవసరమవుతుంది. దానికే లైకులు, లైకులకే ఆర్డర్లు. ముసలమ్మ వద్దంటే తీసేయగలిగేంత వెసులుబాటు చేతిలో ఉండాలి. కెమెరా కొనేముందు చూసుకోవాల్సిన స్పెసిఫికేషన్లలో అదీ ఒకటని నా లెక్క.

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ ఫొటో ఇంకా ఉందా నీ దగ్గర?" అన్నాడు.

ఉంది. ఏటా పాత హార్డ్ డిస్క్ నుంచి కొత్తదాంట్లోకి ఎక్కిస్తున్నప్పుడు ఆ ఫోల్డరు దగ్గర చెయ్యి ఆగుతుంది. తీసేస్తే తండ్రి మాట నిలబెట్టినట్టు, ఉంచితే కూతురి మాట. ఇప్పటిదాకా మూడు సార్లు కాపీ చేశాను.