కలరా ఉండల వాసన

ఆలమూరులో మా యింటి దక్షిణపు గదిలో, మంచము క్రింద, ఒక ఇనుప ట్రంకు పెట్టె యున్నది. మూతపై తెల్లరంగుతో వ్రాసిన సైన్యపు నెంబరును, దాని క్రింద మా పెదనాన్నగారి పేరును సగము చెరిగిపోయినవి. మూత యెత్తిన తోడనే కలరా ఉండల వాసన గుప్పున కొట్టును. లోపల నున్నది ఒక్క ఉన్ని జెర్సీ మాత్రమే. ధనుర్మాసపు తెల్లవారుజామున గౌతమి గట్టుపై క్రమ్ము మంచు తప్ప వేరు చలి యెఱుగని యీ కొబ్బరితోటల నడుమ ఆ జెర్సీకి పని యేమని బాల్యమున ఒకమా రడిగితిని. ఆయన నవ్వి ఊరకుండెను.

ఆ పెట్టె మరల జ్ఞప్తికి వచ్చినది విశాఖపట్టణమున. జొన్నాడలో బస్సెక్కి పోయి, రామకృష్ణా బీచి యొడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూచితిని. 1969 డిసెంబరు 18న సోవియట్టు దేశపు రీగా రేవున మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున గస్తీ తిరిగి, 31 సంవత్సరములు కొలువు చేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, మరుసటి యేడు ప్రదర్శనశాలయై కూర్చున్న నావ యది. పొడవు 91 మీటర్లు. అయినను లోపల ఇద్దరు ఎదురెదురుగా వచ్చినచో ఒకరు గోడకు ఒదుగవలసినదే. గది నుండి గదికి పోవుటకు గుండ్రని కంతలో తల వంచి, కాలెత్తి దూరవలెను. నౌకాదళమున పనిచేసి విరమించినవారే అచట దారి చూపుదురు. జనమంతయు టార్పెడో గొట్టముల యొద్ద గుమిగూడి ఫొటోలు తీయించుకొనుచుండగా నేను పడకల యొద్ద ఆగిపోతిని.

పడక యనుట మర్యాదకే. ప్రక్కకు తిరిగినచో పై యరకు భుజము తగులునేమో యన్నంత ఇరుకున, 70 మందికి పైగా, దినముల తరబడి సూర్యుని చూడక బ్రదికిరి. ఇప్పుడు నావలో నావికుల దుస్తులు తొడిగిన బొమ్మ లున్నవి. ఆ దుస్తులు శుభ్రముగా నున్నవి. శుభ్రముగా నుండుటచేతనే నా కవి అబద్ధముగా తోచినవి. మనుష్యుడు ధరించిన బట్ట మోచేతుల యొద్ద సాగును, మెడపట్టీ యొద్ద నలుపెక్కును, రాలిన బొత్తాము చోట వేరొక రంగు దారముతో కుట్టు పడును. యూనిఫారమనునది వేయిమందిని ఒక్కని వలె చూపుటకు పుట్టినది. దానిని తొడుగుకొన్న దేహమో, తన మోచేతులతో, తన మెడతో, తన చెమటతో ఆ యుద్దేశమును దినదినము కొంచెము కొంచెముగా చెరపుచునే యుండును. ఇస్త్రీ పెట్టె ఆ చెరపును చెరపివేసినది.

భగవద్గీత ద్వితీయాధ్యాయమున దేహమును జీర్ణవస్త్రముతో పోల్చిన మాట విననివాడు మన పల్లెలలో లేడు. ఎవరింట శవము లేచినను ఘంటసాల గొంతున అది మైకులో వినబడుచునే యుండును. అయినను ఆ మాట యుద్ధభూమిలో నిలిచిన ఒక యోధునితో చెప్పబడినదని విను వేళ ఎందఱకు స్ఫురించును? అక్కడ వస్త్రము పోవును, ధరించినవాడు నిలుచును. ఇక్కడ వస్త్రము నిలిచినది, ధరించినవాడు లేడు. నేను వేదాంతిని గాను గనుక ఈ రెంటిని సమన్వయింపజాలను. ఆ ఉపమానము చెప్పుచుండగా సూదీ దారమూ ఎఱిగిన తల్లి గాని భార్య గాని ఎదుట నిలిచి ప్రశ్నించి యుండినచో ఆ యధ్యాయము మఱికొంత పెరిగెడిదేమో యని మాత్రము అనిపించినది.

పోయినవారి బట్టలు ఇంట ఉంచరాదని మా వైపు పెద్దలందురు. కొన్ని చాకలికి పోవును, కొన్ని గౌతమి పాలగును. దుఃఖమునకు గడువు పెట్టిన ఆ పద్ధతిని నేను నిందింపను. బ్రదికినవారికి బీరువాలో చోటు కావలెను గదా. రాజ్యము దీనికి విరుద్ధముగా నడచును: పంపినదియు తానే, దాచునదియు తానే. తాడేపల్లిగూడెము సమీపమున, మొదటి ప్రపంచయుద్ధకాలము నుండి తరతరములుగా సైన్యమునకు బిడ్డల నంపి మిలిటరీ మాధవరమని పేరు పొందిన గ్రామమున, మా యింటి దాని వంటి పెట్టె లెన్ని మంచముల క్రింద నున్నవో! వానికి టిక్కెట్టు లేదు, అద్దము లేదు. తెరచు చేతికే కథ తెలియును.

పెదనాన్నగారు పోయినప్పుడు పంచెలు, చొక్కాలు, చెప్పులు, సమస్తమును పదియవనాటికి ఇల్లు దాటినవి. జెర్సీ యొద్దకు వచ్చుసరికి పెద్దమ్మ అడ్డు నిలిచి, “అదుండనీరా. అది ఆయనది కాదు, గవర్నమెంటుది” అన్నది. పురోహితునికి గాని మాకు గాని బదులు తోచలేదు. ఆ మాటలో నున్నది చాతుర్యమో సత్యమో నేటికిని నిర్ణయింపలేకున్నాను. పింఛనుతో ఇల్లు చేరిన పిదప ఆయన దానిని ఒక్కమారైనను తొడుగలేదు. ఒక పుష్యమాసపు రాత్రి పుట్టిన ఆవుదూడకు మాత్రము కప్పెను. తెల్లవారునప్పటికి దూడ ఎడమచేతి యంచును నమలి పెట్టినది.

విశాఖ నుండి వచ్చిన రాత్రి పెట్టె తెరచితిని. ఆ యంచున ఉన్ని విడిపోవుచున్నది. పెద్దమ్మ దానిని తడిమి చూచి, కండ్లు మసకలైనవి గనుక, సూదిలో దారమెక్కించి యిమ్మన్నది. ఇంటిలో ఆ రంగు దారము లేదు. నల్లది ఎక్కించి యిచ్చితిని.