ముందు ఏ గడ్డో అడగండి

ఖరగ్‌పూర్ ఖరిదాలోని మన రైల్వే కుటుంబాల్లో చాలామందికి కుక్క ఇంటి మనిషే. దానికి క్యాన్సర్ అనగానే గుండె జారిపోతుంది. తొందరపడి ఏదీ తేల్చకండి. ముందు ఏ గడ్డో అడగండి.

కుక్క నుంచి కుక్కకు అంటుకునే గడ్డ ఒకటుంది. వారానికోసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ సూదిమందుతో చాలావరకు నయమవుతుంది. ఆ మందు పుట్టింది మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే! లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వేరు. మందులతో కొన్ని నెలలు హాయిగా గడవచ్చు. పూర్తిగా నయం కావడం అరుదు. అందుకే ముందు ఏ గడ్డో అడగండి.

కోల్‌కతా బెల్‌గాచియా పశువైద్యశాలకు రైలెక్కించే ముందు మీ కుక్కనూ చూడండి. గిన్నె చప్పుడుకు లేచి వస్తోందా? ఆ ఓపిక లేకపోతే, నొప్పి తగ్గించడమూ వైద్యమే. డబ్బు చాలక ఆ దారి పట్టినవాళ్ల ప్రేమ తక్కువేం కాదు. ఏ గడ్డో తెలిశాక ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. పిల్లల్నీ పిలవండి.