మోయుటయా, నడిపించుటయా?

(వాక్యభాగము: మార్కు 3:1–5)



పక్షవాతము వచ్చిన పెద్దలున్న ఇండ్లకు ఇప్పుడు మన పల్లెలలో సైతము కొన్నిచోట్ల ఫిజియోథెరపిస్టులు వచ్చుచున్నారు. కాళ్లు చేతులు ఆడించే డాక్టరని మనవారు పిలుచుచుందురు. ఆయన ఉన్నంతసేపు ఆ ఇంట ఒక తగవు నడుచును. తండ్రి నొప్పియని మూలుగును. కోడలు కన్నీరు పెట్టుకొనును. కుమారుడు, “ఈ వయస్సులో నాయనను బాధపెట్టనేల? మేమున్నాము గదా, కూర్చోబెట్టి తినిపించెదము” అనును. ఇది ప్రేమగల మాటయే. అయితే దానివలన తండ్రికి మేలు కలుగునా?

ఊచచెయ్యి గలవానిని ప్రభువు చూచినప్పుడు, ఆ చేతిని తానే పట్టి సాచియుండవచ్చును. ఆయన ఆలాగు చేయక, సాచుమని వానికే చెప్పెను. వానికి ఏది చేతకాదో దానినే చేయుమనెను! కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. తిరిగి పోవునప్పుడు తన పరుపును వాడే ఎత్తుకొనెను. ఆ నలుగురి చేతులలో ఏమియు లేదు.

అవి అద్భుతములు, ఇది కసరత్తు; రెండును ఒకటి కావు. ప్రభువు క్షణములో చేసినది ఇక్కడ నెలలు పట్టును, అనేకమారులు సగమే జరుగును. మెదడులో ఒక భాగము చెడినప్పుడు దాని పనిని కొంతమట్టుకు ఇతర భాగములు నేర్చుకొనగలవు. అయితే రోగి తానే ప్రయత్నించి, ఒకే పనిని మరల మరల చేసిననే గాని అవి నేర్వవు. కదలిక లేనిచో కీళ్లు బిగిసికొనిపోవును, కండలు కరగును, వీపున పుండ్లు పడును. కనుకనే లేవలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెనందురు. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపుట మాత్రము ఎన్నడును కూడదు, భుజము జారును. పావురపు నెత్తురు పూసి ఎదురుచూచుటలో పోయిన దినములు మరల రావు.

వేలూరు క్రైస్తవ వైద్యశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠువలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఒక కండరపు నరమును మరొక చోటికి మార్చి కుట్టుట వైద్యుని పని. ఆ వ్రేలికి క్రొత్త పని నేర్పుట రోగి పని. అక్కడనే డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున కాళ్ల సత్తువ కోల్పోయి, చక్రాల కుర్చీలో కూర్చుండియే అట్టి చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. ఆమె నాయకత్వమున 1966లో అక్కడ అంగవికలుల పునరావాస కేంద్రము తెరువబడెను.

ఇంటికి వచ్చి నేర్పుటలో మరొక మేలు కలదు. ఆసుపత్రిలోని నున్నని నేలమీద నడచినవాడు తన ఇంటి గడప దాటలేకపోవచ్చును. కుంగిపోయిన నులకమంచముమీదనుండి లేచుట ఆరోగ్యవంతునికే కష్టము! తన గడప, తన మంచము, తన పెరటి దారి, వీటితోనే రోగికి పని.

“చెయ్యి ఎత్తి దించినందుకు ఇంత రూకలా?” అని సణుగువారును కలరు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువు చెప్పినది ఇండ్లకు వెళ్లిన శిష్యులనుగూర్చియే (లూకా 10:7). రెండు మూడు ఇండ్లవారు కలిసి పిలిపించుకొనినయెడల దారి ఖర్చైనను తగ్గును.

అయితే ఈ బోధను కత్తివలె పట్టుకొనువారున్నారు. నడువలేకపోయినవానిని చూచి, నీకు పట్టుదల లేదు, విశ్వాసము లేదు అందురు. అది క్రూరత్వము. మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివి. అవి బాగుపడెనని ఎక్కడను వ్రాయబడలేదు. అయినను రాజు బల్లయొద్ద అతని స్థానము తగ్గలేదు (2 సమూయేలు 9:13). చాలునని రోగి చెప్పు దినము వచ్చినయెడల ఆ మాటయు వినవలసినదే.

ఎంతవరకు నడిపింపవలెను, ఎప్పుడు మోయవలెను? దీనికి కొలబద్ద లేదు. బేతెస్దలో 38 ఏండ్లు పడియున్నవానిని సైతము, బాగుపడుటకు మనస్సున్నదా అని ప్రభువు ముందుగా అడిగెను. మనము కుమారుని అడుగుదుము, డాక్టరును అడుగుదుము. మంచముమీదివానిని అడుగుట మరతుము. అడిగి చూడుడి. పొలము దున్నెదనని ఆయన అనడు. ఒకరిని లేపకుండ రాత్రివేళ పెరటిలోనికి వెళ్లి రాగలిగిన చాలునని మన పెద్దలలో అనేకులు చెప్పుదురు.