అలంకారం వద్దన్నవారి ఆస్తి

మాంచెస్టరు నుంచి 1774లో ఆన్ లీ అనే శ్రామిక స్త్రీ వెంట అమెరికాకు వలస వచ్చిన షేకర్లు, బ్రహ్మచర్యాన్నీ పాపాల ఒప్పుకోలునూ ఉమ్మడి ఆస్తినీ వ్రతంగా స్వీకరించిన క్రైస్తవ సమాజం. ఆరాధన వేళ ఆవేశంతో ఊగిపోవడం వల్ల వారికి ఆ పేరు వచ్చింది. ఏ వస్తువునూ తనదని చెప్పుకోని ఆ మనుషులు చేసిన కుర్చీలు నేడు వేలంపాటల్లో భారీ ధర పలుకుతున్నాయి. అటువంటి వస్తువులో దానిని చేసినవారి విశ్వాసం ఏ మేరకు మిగిలి ఉంటుందన్నది తత్త్వజిజ్ఞాసువులు అడగవలసిన ప్రశ్న.

మసాచుసెట్స్‌లోని హాన్‌కాక్ గ్రామం 1960లో షేకర్ల నివాసంగా ముగిసి, మరుసటి ఏడాదే మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడ 1826 నాటి గుండ్రని రాతి పశువులశాలలో ఆవులు వలయాకారంగా నిలబడితే, మధ్యనున్న గడ్డివాము నుంచి అన్నింటికీ సులువుగా మేత వేయవచ్చు. షేకర్ల అండాకారపు చెక్కపెట్టెల్లోనూ ఇదే వివేకం కనబడుతుంది: పలుచని మేపుల్ పట్టీని ఆవిరి పట్టించి వంచి, కలిసేచోట దాని అంచును వేళ్లలాగా చీల్చి రాగి మేకులతో బిగించడం వల్ల, తేమకు కర్ర ఉబ్బినా అతుకు పగలదు. అద్దాల బీరువాలో చూసేవారికి అది సొగసుగా తోస్తుంది. చేసినవారికి అది కేవలం అవసరం. మ్యూజియం చూపు ఈ తేడాను సాధారణంగా మింగేస్తుంది.

చిత్రాల సంగతి ఇంకా విచిత్రం. గోడకు పటం తగిలించకూడదని నియమం పెట్టుకున్న సమాజంలోనే, 1837 తరువాత దివ్యదర్శనాల కాలం అని పిలిచే రెండు దశాబ్దాలలో, పరలోకం నుంచి అందిన కానుకలుగా భావించి కొందరు సోదరీమణులు రంగుల బొమ్మలు గీశారు. హానా కొహూన్ 1854లో గీసిన జీవవృక్షం హాన్‌కాక్‌లోనే ఉంది. ఆనాడు ఎవరూ గోడన పెట్టని బొమ్మ ఇప్పుడు షేకర్ కళకే గుర్తుగా చలామణి అవుతోంది!

అందుచేత వస్తువుల కంటే పత్రాలే నమ్మదగిన సాక్ష్యం అనాలి. క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ హిస్టారికల్ సొసైటీలో షేకర్ల దినచర్య పుస్తకాలు, ఉత్తరాలు, చేతిరాత కీర్తనల సంపుటాలు అపారంగా ఉన్నాయి. డెలవేర్‌లోని వింటర్‌థర్ గ్రంథాలయం షేకర్ల పరిశోధకుడు ఎడ్వర్డ్ డెమింగ్ ఆండ్రూస్ పేరిట ఉన్న సేకరణను భద్రపరుస్తోంది. కుర్చీ చెప్పలేని తగవులూ, సమాజాన్ని విడిచి వెళ్లినవారి ఊసులూ అటువంటి కాగితాలలోనే దొరుకుతాయి.

అయితే మేన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ అనే షేకర్ గ్రామం వీటన్నింటికీ భిన్నమైనది. పరిశోధకులకు అక్కడ గ్రంథాలయం ఉంది, 1794లో కట్టిన ప్రార్థనామందిరమూ ఉంది. వీటితోపాటు, వేళ్ల మీద లెక్కించదగినంత మందే అయినా, షేకర్ వ్రతంలో జీవిస్తున్న మనుషులున్నారు. ఒక్కచోటికే వెళ్లగలిగిన జిజ్ఞాసువు ఎంచుకోవలసింది ఆ ఊరినే.