మగదూడలేవీ?

సంక్రాంతికి మామిడికుదురు వెళ్ళాం. పొద్దున్న అప్పనపల్లి గుడికి వెళ్ళొచ్చాక పిల్లలు మావయ్యగారి గేదెల పాక వదల్లేదు. హైదరాబాదులో టికెట్టు కొని కుందేళ్ళని ముట్టుకున్న పిల్లలు! ఇక్కడ కుడితి పెట్టారు, గడ్డి వేశారు, పెయ్యదూడల మూతులు నిమిరారు.

సాయంత్రం మావయ్య ఒక దూడని విప్పారు. అది రెండు గుక్కలు తాగి, తల్లి చేపగానే, పలుపు పట్టి లాగి పక్కన కట్టేశారు.

"దాని పాలేగా తాతయ్యా, ఎందుకు లాగేశారు?" అంది మా అమ్మాయి.

"మనకీ కావాలి కదమ్మా. దానికీ కాసిని వదులుతాంలే."

"రెండూ ఆడవే అన్నారుగా. మరి మగదూడలేవీ?"

ఆయన నావైపు చూశారు. "వేరే ఊళ్ళో ఉన్నాయి" అన్నాను. అబద్ధం. పాలివ్వని, దుక్కికీ అక్కర్లేని దున్నదూడని ఈ రోజుల్లో ఎవరు మేపుతారు?

జంతువుల గురించి అడగాల్సింది వాటికి ఆలోచన ఉందా అని కాదు, బాధ ఉందా అని బెంతామ్ 1789లోనే రాశాడు. మా అమ్మాయికి ఆయనెవరో తెలియదు. దూడని ముట్టుకుంది కాబట్టి అడిగింది.

జాలి నేర్పడానికే కదా పిల్లల్ని జంతువుల దగ్గరికి తీసుకెళ్తాం. తీరా నేర్చుకుంటే, అది మన కాఫీ దాకా రాకుండా అడ్డం పడతాం. మావయ్యని తప్పుపట్టలేను. ఆయన పిండిన పాలు తాగేది నేనే.

మర్నాడు కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరేముందు అమ్మాయికి నిజం చెప్పాను. ఆ పూట పాలు తాగలేదు. తాగమని నేనూ అనలేదు. నా కాఫీ మాత్రం తాగాను.